మెగావాట్లు ఎవరివి, యూనిట్లు ఎవరివి?

పోయిన నెల మీ ఇంట్లో ఎన్ని యూనిట్లు కాలింది?

పదిమందిని అడిగి చూడండి. ఎనిమిది మంది చెప్పలేరు. "మనకి ఫ్రీయే గదా, ఎన్ని కాలితే ఏటి?" అంటారు. ఆ మాట నిజమే. 2019 నుంచి మన రాష్ట్రంలో ఎస్సీ, ఎస్టీ ఇళ్ళకి నెలకి 200 యూనిట్ల దాకా ఉచితం. పోరాడి తెచ్చుకున్నదే, ఎవరి దయా కాదు. కానీ ఉచితం అన్నాక మనం బిల్లు కాగితం వైపు చూడటం మానేశాం. బిల్లు తీసేవాడు వచ్చి ఏదో నొక్కి, చీటీ చింపి తలుపు సందులో పెట్టి వెళ్ళిపోతాడు. అది అక్కడే ఎండిపోతుంది.

ఆ చీటీ మీద వున్న అంకె మాత్రం అక్కడ ఆగదు. అది మీ ఆధార్ వెంట తిరుగుతుంది. సచివాలయంలో కంప్యూటర్ దగ్గరికి వెళ్తుంది. రేషన్ కార్డు వుండాలా, పింఛను వుండాలా, పిల్లల చదువు డబ్బులు తల్లి ఖాతాలో పడాలా అని తేల్చే చోట కూర్చుంటుంది. నెలకి 300 యూనిట్లు దాటితే మీరు పేదవాళ్ళు కాదని లెక్క. మీ ఇల్లు చూసి కాదు, మీ భూమి చూసి కూడా కాదు, ఒక్క అంకె చూసి.

మన తాతలకి తూకం దగ్గర జరిగింది మీకు తెలుసు. చింతపండు, కొండచీపుర్లు, జీడిపిక్కలు మోసుకుని కొండ దిగి సంతకి వెళ్తే, షావుకారు కుంచం వేరు, మన కుంచం వేరు. కొనేటప్పుడు ఒక రాయి, అమ్మేటప్పుడు ఒక రాయి. ఆ దోపిడీ ఆపడానికే 1956లో గిరిజన సహకార సంస్థ పెట్టారు. ఇప్పుడు సంతలో ఎలక్ట్రానిక్ కాటా వచ్చింది, అంకె మనం కూడా చూస్తున్నాం, అడుగుతున్నాం. ఇంటి గోడకి బిగించిన కాటాని మాత్రం చూడటం లేదు. మీటరంటే కాటాయే. దాన్ని చదవడం లైన్‌మన్ విద్య అనుకోకండి, పదో తరగతి ఫిజిక్సు చాలు. నిజానికి అంత కూడా అక్కర్లేదు.

రెండు మాటలు తెలిస్తే సరిపోతుంది. ఒకటి వాట్, రెండోది యూనిట్. ఈ రెండింటినీ కలిపేయడం వల్లే ఇంట్లో మోసపోతున్నాం, ప్రాజెక్టుల దగ్గరా మోసపోతున్నాం.

గెడ్డ దగ్గరికి వెళ్ళండి. నీరు ఎంత జోరుగా పారుతోందో అది వాట్. ఆ ధార కింద బిందె పెట్టి కొంతసేపు పట్టాక బిందెలో ఎంత నీరుందో అది యూనిట్. సన్నటి ధార రాత్రంతా పడితే డ్రమ్ము నిండుతుంది. పెద్ద ధార ఒక్క నిమిషం పడి ఆగిపోతే బిందె కూడా నిండదు. అంతే తేడా. వెయ్యి వాట్లు గుంజే వస్తువు ఒక గంట నడిస్తే ఒక యూనిట్. వంద వాట్లది అయితే పది గంటలు నడవాలి. తొమ్మిది వాట్ల ఎల్‌ఈడీ బల్బు ఒక యూనిట్ తినడానికి నూటపదకొండు గంటలు పడుతుంది. కిలోవాట్ అంటే వెయ్యి వాట్లు, మెగావాట్ అంటే పది లక్షల వాట్లు. ఇవన్నీ ధార జోరు చెప్పే మాటలే. ఎంతసేపు అన్నది చెప్పకుండా వాట్ల లెక్క చెప్పినవాడు సగం మాటే చెప్పినట్టు. ఇది గుర్తు పెట్టుకోండి, చివర్లో పని పడుతుంది.

ఇప్పుడు మన ఇంటి లెక్క వేద్దాం. నాలుగు ఎల్‌ఈడీ బల్బులు రోజుకి ఐదు గంటలు వెలిగితే 0.18 యూనిట్. 75 వాట్ల పాత రకం ఫ్యాను పది గంటలు తిరిగితే ముప్పావు యూనిట్. 60 వాట్ల టీవీ నాలుగు గంటలు, 0.24. రెండు ఫోన్ల చార్జింగు, 0.05. మొత్తం రోజుకి సుమారు ఒకటింబావు యూనిట్. నెలకి 37. కొండ మీద మామూలు ఇంటి లెక్క ఇదీ. ఇందులో సగానికి పైగా ఫ్యాను ఒక్కటే తింటోంది, గమనించారా? కొత్తగా వస్తున్న బీఎల్‌డీసీ ఫ్యాను 30 వాట్ల దగ్గరే తిరుగుతుంది. అదే నాలుగు బల్బులూ పాత 60 వాట్ల తీగ బల్బులైతే వాటికే నెలకి 36 యూనిట్లు. ఫ్రిజ్ వుంటే ఇంకో ముప్పై కలపండి.

ఇప్పుడు చెప్పండి, ఇలాంటి ఇంటికి 300 యూనిట్లు ఎలా వస్తాయి? ఎనిమిదింతలు! పగలూ రాత్రీ ఆపకుండా ఐదారు ఫ్యాన్లు తిరగాలి. పింఛను ఆగిపోయిన ముసలమ్మ సచివాలయానికి వెళ్తే "కరెంటు ఎక్కువ కాల్చేవు అవ్వా" అని తెర మీద అంకె చూపిస్తారు. ఆవిడ గుడిసెలో వుండేది ఒక బల్బు. చాలాసార్లు జరిగేది ఏమిటంటే, వేరేవాళ్ళ మీటర్లు ఆవిడ ఆధార్‌కి తగిలించి వుంటాయి. పాత యజమాని మీటరు కావచ్చు, కొడుకు పట్నంలో అద్దెకున్న ఇంటిది కావచ్చు, ఎవరో తొందరలో కొట్టిన తప్పు అంకె కావచ్చు. ఆవిడ ఇంటి మీటరు మాత్రం నిజమే చెబుతోంది. కానీ దాన్ని చదివి, ఇదిగో నా లెక్క అని చూపించేవాళ్ళు లేరు. మీరు వుండాలి. మీ వూళ్ళో ఎవరి కార్డు ఆగినా ముందు అడగాల్సింది ఒక్కటే: ఈ ఆధార్‌కి ఏ ఏ సర్వీసు నంబర్లు తగిలించారు, రాసివ్వండి. ఆ నంబర్లని గోడ మీది మీటరు నంబరుతో, బిల్లు మీది సర్వీసు నంబరుతో పోల్చండి. తప్పు ఎక్కడుందో అక్కడే బయటపడుతుంది.

ఇంకో తిరకాసు వుంది. రోడ్డు లేని వూళ్ళకి రీడింగు తీసేవాళ్ళు ప్రతి నెలా రారు. వానాకాలంలో అసలే రారు. మూడు నెలలకి ఒకసారి వచ్చి, మూడు నెలల యూనిట్లూ ఒకే నెలలో కొడితే? నెలకి 80 కాల్చిన ఇల్లు 240 కాల్చినట్టు కనిపిస్తుంది. 200 దాటినట్టే! ఉచితం పోయిందంటారు. అప్పుడు వాదించడానికి మీ దగ్గర కాగితం వుండాలి. ప్రతి ఒకటో తారీకున ఫోన్‌తో మీటరు ఫోటో తీయండి. అంకె పక్కన కేడబ్ల్యూహెచ్ అనే ఇంగ్లీషు అక్షరాలు కనిపించినప్పుడే తీయాలి, ఎందుకంటే ఆ తెర మీద వోల్టేజీ, తారీకు, ఇంకేవో కూడా మారుతూ వస్తాయి. ఫోటోకి తారీకు దానంతటదే పడుతుంది. పన్నెండు ఫోటోలు వుంటే ఏడాది లెక్క మీ చేతిలో వున్నట్టే.

మీటరు మీదే అనుమానం వస్తే దాన్నీ తూచవచ్చు. మీటరు ముఖం మీద చిన్న ఎర్ర దీపం మిణుకుమంటూ వుంటుంది చూడండి. దాని పక్కన 3200 అనో 1600 అనో ఒక అంకె ముద్రించి వుంటుంది. యూనిట్‌కి అన్నిసార్లు మిణుకుతుందని అర్థం. 3200 మీటరు అయితే, నిమిషంలో ఎన్ని మిణుకులో లెక్కపెట్టి దాన్ని 18.75తో గుణిస్తే ఆ క్షణాన మీ ఇల్లు గుంజుతున్న వాట్లు వస్తాయి. ఇంట్లో అన్నీ ఆపి ఒక్క 60 వాట్ల బల్బు వేయండి. దాదాపు 19 సెకన్లకి ఒక మిణుకు పడాలి. పది సెకన్లకే పడుతోందంటే మీటరు పరుగు తీస్తోందన్నమాట. (1600 మీటరు అయితే 37 సెకన్లకి ఒకటి.) అన్నీ ఆపేసినా దీపం మిణుకుతూనే వుంటే వైరింగులో లీకు వుంది, లేదా మీ తీగ మీద ఇంకెవరో బతుకుతున్నారు. మీటరు పరీక్ష చేయమని రాతపూర్వకంగా అడిగే హక్కు మనకుంది. 1912కి ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు రాసుకోండి. అక్కడ తేలకపోతే 2003 విద్యుత్ చట్టం కింద ప్రతి పంపిణీ సంస్థా వినియోగదారుల ఫిర్యాదుల వేదిక పెట్టి తీరాలి, దానికి కాగితం పెట్టండి. నోటిమాట ఎవరూ వినరు, మిణుకుల లెక్క రాసిస్తే వింటారు.

వోల్టేజీ సంగతి కూడా చెప్పాలి. మన కొండల్లో లైను మైళ్ళ కొద్దీ అడవిలోంచి వస్తుంది, చివరి వూరికి వచ్చేసరికి నీరసపడుతుంది. 230 వోల్టులు రావాల్సిన చోట 180 వస్తే, వెయ్యి వాట్ల ఇస్త్రీపెట్టె 610 వాట్ల పనే చేస్తుంది. బల్బు కొడిగట్టినట్టు వుంటుంది. దీన్ని సర్దుకోవచ్చు. పిండిమర మోటారు అలా సర్దుకోదు. తక్కువ వోల్టేజీలో అది ఎక్కువ కరెంటు గుంజి, వేడెక్కి, కాలిపోతుంది. డ్వాక్రా అక్కచెల్లెళ్ళు అప్పు చేసి పెట్టుకున్న మర ఒక్క వేసవిలో పోతే నష్టం ఎవరు కడతారు? ఐదు హెచ్‌పీ మోటారు అంటే మూడు కిలోవాట్ల ఏడు వందల పైన. 25 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ మీద యాభై ఇళ్ళు వుంటే ఇంటికి దక్కేది సుమారు 500 వాట్లు. అందులోనే మర, అందులోనే వూరి బోరు. అర్జీలో "కరెంటు బాగోలేదు" అని రాయకండి. ఎన్ని ఇళ్ళు, ఏ ట్రాన్స్‌ఫార్మర్, ఏ తారీకున ఎన్ని గంటలకి ఎన్ని వోల్టులు అని రాయండి. ఆ వోల్టులు కూడా మీటరు తెర మీదే కనిపిస్తాయి.

ఇక అసలు కరెంటే సరిగ్గా లేని వూళ్ళు. ప్రభుత్వం లెక్కలో దేశంలో ఆఖరి వూరికి 2018 ఏప్రిల్ 28న కరెంటు వెళ్ళిపోయింది. మణిపూర్‌లో లైసాంగ్ అనే వూరు. పండగ చేశారు. అయితే వూరికి కరెంటు వచ్చిందనడానికి వాళ్ళ కొలత ఏమిటో తెలుసా? బడి, పంచాయతీ ఆఫీసు లాంటి చోట్లకి లైను వెళ్ళి, వూళ్ళో నూటికి పది ఇళ్ళకి వుంటే చాలు. మిగతా తొంభై చీకట్లో వున్నా వూరు వెలిగినట్టే. ఆ తర్వాత ఇంటింటి లెక్క అని సౌభాగ్య వచ్చింది. లైను వెళ్ళలేని కొండ ఇళ్ళకి 200 నుంచి 300 వాట్ల సోలార్ పలక, ఐదు బల్బులు, ఒక ఫ్యాను ఇవ్వాలన్నారు. మంచిదే. 200 వాట్ల పలక మంచి ఎండ రోజున ముక్కాలు యూనిట్ ఇస్తుంది. ఆషాఢంలో మబ్బు దిగితే అదీ లేదు. నాలుగైదేళ్ళకి బ్యాటరీ చచ్చిపోతుంది. బ్యాటరీ చచ్చిన ఇల్లు లెక్కలోంచి తిరిగి బయటికి వస్తుందా? రాదు. కనెక్షన్లు లెక్కపెడతారు, వెలిగిన గంటలు లెక్కపెట్టరు. ఆ గంటలు మనమే లెక్కపెట్టాలి. బడి గోడ మీద ఒక క్యాలెండరు తగిలించి, కరెంటు పోయిన టైము, వచ్చిన టైము పిల్లల చేత రాయించండి. మూడు నెలల క్యాలెండరు ఐటీడీఏ గ్రీవెన్సులో పెడితే ఎవరూ కాదనలేరు.

చీకటి ఎంత ఖరీదో కూడా ఒక లెక్క చెబుతాను. ఫోన్ ఒకసారి నిండా చార్జి అవడానికి పట్టేది యూనిట్‌లో నలభయ్యో వంతు. సంతలో పది రూపాయలిచ్చి చార్జింగు పెట్టించుకునే మనిషి యూనిట్‌కి 400 రూపాయలు కడుతున్నట్టు. మన రాష్ట్రంలో 2022లో పెట్టిన ధరల ప్రకారం ఇంటికి మొదటి 30 యూనిట్లు ఒక్కోటీ రూపాయి తొంభై పైసలు, తర్వాత 75 దాకా మూడు రూపాయలు. పైన లెక్కేసిన 37 యూనిట్ల ఇల్లు, ఉచితం లేకపోయినా, ఇతర చార్జీలు పక్కన పెడితే 78 రూపాయలు కట్టాలి. పేదవాడి కరెంటుకి ఖజానా ఖాళీ అవుతోందని టీవీలో అరిచేవాళ్ళకి ఈ 78 చూపించండి.

ఎందుకంటే కరెంటు పుట్టింది మన దగ్గరే. దుడుమ జలపాతం దగ్గర మాచ్‌ఖండ్ 1955లో మొదలైంది, 120 మెగావాట్లు, ఆంధ్రా ఒడిశా కలిసి కట్టాయి. దాని కింద అప్పర్ సీలేరు 240, డొంకరాయి 25, లోయర్ సీలేరు 460. అన్నీ ఆదివాసీ కొండలే, ఆదివాసీ నీళ్ళే, మునిగినవి ఆదివాసీ వూళ్ళే. మాచ్‌ఖండ్ పూర్తి జోరుతో ఒక్క గంట నడిస్తే లక్షా ఇరవై వేల యూనిట్లు. నెలకి 40 కాల్చే ఇళ్ళు మూడు వేలు నెలంతా వెలుగుతాయి. ఒక్క గంటకి! అయినా ఆ తీగల కింద నడిచి వెళ్ళే మనుషులు ఎన్నేళ్ళు కిరసనాయిలు బుడ్డితో బతికారో మీ ఇంట్లో పెద్దవాళ్ళని అడగండి. పెద్ద తీగ తలమీంచి పోతుంది, చిన్న తీగ ఇంటికి రాదు.

ఇంకోటి. ఒక టన్ను అల్యూమినియం తీయడానికి సుమారు 14 వేల యూనిట్లు కావాలి. మన కొండల కింద బాక్సైట్ వుందని ఎప్పుడూ కన్నేసి వుంటారే, దాన్ని కరిగించే కరెంటు ఇది. మన 40 యూనిట్ల ఇల్లు 14 వేలు కాల్చాలంటే 29 ఏళ్ళు పడుతుంది. దేశంలో మనిషికి సగటున ఏడాదికి సుమారు 1,395 యూనిట్లని 2023-24 లెక్క చెబుతోంది. ఫ్యాక్టరీలవి, ఏసీలవి, మాల్స్‌వి అన్నీ కలిపి తలకి పంచిన లెక్క అది. ఐదుగురున్న ఇంటికి నెలకి 580 పడాలి. మీ బిల్లు తీసి చూడండి. మిగతాది ఎవరో మీ పేరు మీద కాల్చారు.

ఇప్పుడు చివర్లో పని పడుతుందన్న మాట దగ్గరికి వద్దాం. మన పార్వతీపురం మన్యం జిల్లాలోనే కురుకుట్టి దగ్గర 1,200 మెగావాట్లు, కర్రివలస దగ్గర 1,000 మెగావాట్ల పంప్డ్ స్టోరేజీ ప్రాజెక్టులకి 2022లో రాష్ట్ర ప్రభుత్వం అదానీ గ్రీన్ ఎనర్జీకి పచ్చజెండా వూపింది. "మీ జిల్లాకి 2,200 మెగావాట్లు వస్తున్నాయి, ఇంక చీకటన్నది వుండదు" అని చెప్పేవాళ్ళు మీ వూరికీ వస్తారు. వాళ్ళు చెప్పేది ధార జోరు. బిందె సంగతి చెప్పరు.

పంప్డ్ స్టోరేజీ అంటే కరెంటు పుట్టించేది కాదు, దాచేది. కొండ మీద ఒక చెరువు, కింద ఒక చెరువు. కరెంటు మిగిలినప్పుడు కింది నీళ్ళు పైకి తోడతారు. కరెంటు కరువైనప్పుడు పైనుంచి వదిలి టర్బైన్లు తిప్పుతారు. పెద్ద బ్యాటరీ అనుకోండి. 1,200 మెగావాట్లది ఆరు గంటలు నడిచిందనుకుందాం, 72 లక్షల యూనిట్లు ఇస్తుంది. కానీ ఆ నీళ్ళని మళ్ళీ పైకి ఎక్కించడానికి 90 లక్షలకి తక్కువ పట్టవు. నూరు పెడితే తిరిగి వచ్చేది డెబ్బై ఐదు, ఎనభై. అంటే ప్రతి విడతకీ సుమారు పద్దెనిమిది నుంచి ఇరవై నాలుగు లక్షల యూనిట్లు తరుగు. సంతలో తరుగు తెలిసినవాళ్ళకి ఇది విడమరిచి చెప్పాలా?

ఈ పద్ధతి పనికిమాలినదని నేను అనడం లేదు. పట్టపగలు సోలార్ కరెంటు మిగిలిపోతుంది, సాయంత్రం దీపాల వేళకి చాలదు, దాచుకునే చోటు కావాలి. అది నిజం. కాని ఆ చోటు ప్రతిసారీ మన కొండే ఎందుకవుతుంది అన్నది వేరే ప్రశ్న. ఆ 72 లక్షల యూనిట్లతో 40 యూనిట్ల ఇళ్ళు లక్షా ఎనభై వేలు నెలంతా నడుస్తాయి. 2011 లెక్కల్లో తొమ్మిది లక్షల పైచిలుకు జనం వున్న మన జిల్లాలో చాలా ఇళ్ళకి ఒక్క రోజు దాపుతో నెల గడిచిపోతుంది. కాబట్టి అంత పెద్ద చెరువు మన కోసం తవ్వడం లేదని చెప్పడానికి ఏ నిపుణుడూ అక్కర్లేదు. గుణకారం వస్తే చాలు.

షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమి తీసుకునే ముందు గ్రామసభని సంప్రదించాలని 1996 పెసా చట్టం చెబుతుంది. ఆ సభలో మనవాళ్ళు కన్నీళ్ళు పెట్టుకుని భూమి గురించి మాట్లాడతారు, అది మాట్లాడాల్సిందే. దానితో పాటు ఒక కుర్రాడో ఒక ఆడపిల్లో లేచి అంకెలు కూడా అడగాలి. రోజుకి ఎన్ని గంటలు నడుస్తుంది? ఎన్ని యూనిట్లు లోపలికి, ఎన్ని బయటికి? ఆ లోపలికి వచ్చే కరెంటు ఎక్కడిది? మొదటిసారి చెరువు నింపడానికి ఏ గెడ్డ నీళ్ళు, ఏ నెలలో, కింద పొలాలకి అప్పుడు ఎంత మిగులుతుంది? ఎండకి ఆవిరైన నీటిని ఏటా దేంతో నింపుతారు? మా వూరి లైనుకి ఇందులోంచి ఎన్ని యూనిట్లు, ఏ రేటుకి, ఎన్నేళ్ళు? మెగావాట్లలో జవాబు చెబితే "యూనిట్లలో చెప్పండి బాబూ" అనండి. చెప్పిన జవాబుని తీర్మానాల పుస్తకంలో అంకెతో సహా, చెప్పిన అధికారి హోదాతో సహా రాయించండి. చెప్పకపోతే, అడిగాం చెప్పలేదు అని రాయించి, అందరి సంతకాలూ వేలిముద్రలూ పడ్డాక ఆ పేజీ ఫోటో తీసి పెట్టుకోండి.